చెవులు బాగానే ఉన్నాయి మాస్టారూ!

"నాకు తేడా తెలియట్లేదండీ. చెవులు దెబ్బతిన్నాయంటారా?"

ఇళ్లలో స్పీకర్లు సెట్ చేయడానికి వెళ్తే నెలకొకరైనా ఇలా అడుగుతారు. మొన్న అడిగినాయన రిటైర్డ్ లెక్చరర్. సీడీల్లో ఉన్న పాటల్నే, సీడీ కన్నా మెరుగని చెప్పే 'హైరెస్' ఫైళ్లుగా, అంటే 24 బిట్, 192 కిలోహెర్ట్జ్‌లో, ఎవరి దగ్గరో మళ్లీ కొన్నారు. వాటి కోసం కొత్త డాక్ (డిజిటల్ ఫైలును అనలాగ్ సిగ్నల్‌గా మార్చే పెట్టె) కూడా. సీడీకీ వాటికీ తేడా వినబడక పాపం, పదిహేను రోజులుగా ఒకటే టెన్షన్.

అపోహ: నంబర్ పెద్దదైతే సౌండ్ బాగుంటుంది.

వాస్తవం: జేబుకు చిల్లు పెట్టేది ఇదే. శాంప్లింగ్ రేటు అంటే సెకనుకు ధ్వనిని ఎన్నిసార్లు కొలిచారో ఆ లెక్క. అందులో సగం దాకానే ఫ్రీక్వెన్సీ పడుతుంది. సీడీది 44.1, అంటే 22.05 కిలోహెర్ట్జ్ దాకా. కుర్రాళ్ల చెవే 20 దగ్గర ఆగిపోతుంది, వయసు మీదపడేకొద్దీ ఇంకా తగ్గుతుంది. 192 ఫైలు 96 దాకా మోస్తుంది. ఎవరికి, గబ్బిలాలకా? సీడీలో ధ్వని అల మెట్లు మెట్లుగా ఉంటుందని బొమ్మలు గీసి చూపిస్తారు. ఆ మెట్లు బొమ్మలోనే, డాక్ నుంచి బయటికొచ్చేది నున్నటి అలే. ఇక బిట్లు, అంటే ఒక్కో కొలత ఎంత సూక్ష్మంగా ఉందో. సీడీలోని 16 బిట్‌కే, అతి మెల్లని శబ్దం నుంచి అతి పెద్ద శబ్దం దాకా 96 డెసిబెల్స్ రేంజ్ ఉంది. ఫ్యాన్ తిరిగే హాల్లో అంత నిశ్శబ్దం ఎక్కడిది? రికార్డింగ్‌లో మాత్రం 24 బిట్ కావాలి. లెవెల్ కాస్త తగ్గించి పెట్టుకున్నా నాయిస్ బాధ ఉండదు, నేనూ అలాగే చేస్తాను.

2007లో మేయర్, మోరన్ అనే ఇద్దరు ఎస్‌ఏసీడీ (సీడీ తర్వాత వచ్చిన హైరెస్ డిస్క్) సిగ్నల్‌ను సీడీ నాణ్యత 16/44.1 గుండా పంపి, ఏది ఏదో వినేవాళ్లను చెప్పమన్నారు. 554 సార్లలో 276 సార్లు సరిగ్గా చెప్పారు. బొమ్మా బొరుసా వేసినట్టే. 2016లో పాత పరీక్షలు పద్దెనిమిదింటిని కలిపి చూసిన రైస్ అనే పరిశోధకుడికి సరైన జవాబులు 52.3 శాతం వచ్చాయి. సగటున తేడా ఉంటే ఆ మాత్రమే.

మాస్టారి ఫైళ్లను స్పెక్‌లో (ఫైల్లో ఏ ఫ్రీక్వెన్సీలు ఉన్నాయో చూపే సాఫ్ట్‌వేర్) తెరిచాను. 16 కిలోహెర్ట్జ్ పైన కత్తితో కోసినట్టు ఖాళీ! ఎవరో ఎంపీ3ని ఫ్లాక్‌గా (నాణ్యత పోకుండా కుదించే ఫైలు రకం) మార్చి అంటగట్టారు. నీళ్ల పాలను పెద్ద గిన్నెలో పోస్తే చిక్కబడతాయా? ఇంతకీ ఆయన స్పీకర్లలో ఒకటి బీరువా పక్కన మూలలో ఇరుక్కుని ఉంది. రెండూ గోడకు రెండడుగులు ముందుకు జరిపాం. ఆయన భార్య వంటింట్లోంచి వచ్చి, "ఇప్పుడు మాట స్పష్టంగా వినబడుతోంది" అన్నారు. ఖర్చు సున్నా.

అయినా ఫలానా రిలీజ్ నిజంగానే బాగుందంటారా? ఉండొచ్చు, మాస్టరింగ్ (విడుదలకు ముందు చేసే చివరి సౌండ్ సర్దుబాటు) వేరై ఉంటుంది. రెండూ పోల్చేటప్పుడు వాల్యూమ్ సమానంగా పెట్టండి. కాస్త బిగ్గరగా ఉన్నదే మన చెవికి బాగుంటుంది.

మిగతావి గబగబా. కుదించని వేవ్ ఫైలు కన్నా ఫ్లాక్ తక్కువా? కాదు, విప్పితే అవే బిట్లు. ఎస్‌ఏసీడీలో వాడే డీఎస్‌డీ పద్ధతి "అసలైన అనలాగ్"? కాదు, అదీ డిజిటలే, సెకనుకు 28,22,400 ఒక బిట్ శాంపిళ్లు. బ్లూటూత్‌లో హైరెస్? ఎల్‌డాక్ అనే బ్లూటూత్ ఆడియో పద్ధతి గరిష్ఠం 990 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు), సీడీయే 1,411.