2.5 కేజీల గీత వెనకాల కథ

పాప పుట్టిందని ఫోన్ రాగానే ఇవతలి నుంచి అడిగే మొదటి రెండు మూడు ప్రశ్నల్లో "బరువెంత" అనేది ఉండాల్సిందే. 2.5 దాటితే హమ్మయ్య, దాటకపోతే బాక్స్‌లో పెట్టారా, ఎన్ని రోజులంట అని కంగారు మొదలు. ఈ 2.5 లెక్క చెప్పింది ఆర్వో యుల్పో అనే ఫిన్లాండ్ పిల్లల డాక్టర్, 1919లో. అంతకంటే తక్కువుంటే నెలలు నిండని బిడ్డే అని ఆయన లెక్క, 1948లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అదే పట్టుకుంది. తీరా చూస్తే నెలలు నిండి పుట్టినవాళ్ళు కూడా 2.2, 2.3 దగ్గర బోలెడుమంది ఉన్నారు, అంటే తొందరపడి పుట్టలేదు, లోపలే సరిగ్గా ఎదగలేదు. 1961లో గానీ ఈ రెండూ వేరు అని అధికారికంగా ఒప్పుకోలేదు.

లోపల ఎదగలేదంటే ఎవర్ని చూడాలి, తల్లినే కదా. ఆ పని మన దేశంలో అంతకు చాలా ముందే మొదలైంది. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లిష్ డాక్టర్ బొంబాయి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే పేద ఆడవాళ్ళు కడుపుతో ఉన్నప్పుడు రక్తం ఎందుకు పడిపోతోందో చూసింది. ఈస్ట్‌తో చేసే మార్మైట్ తినిపిస్తే కోలుకున్నారు. అందులో పనిచేసేది ఫోలిక్ యాసిడ్ అని తర్వాత తేలింది, దాన్ని 1940ల్లో అమెరికాలో లెడర్లే ల్యాబ్‌లో తయారుచేసిన టీమ్‌ని నడిపించింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1970లో ప్రభుత్వం ఐరన్‌తో కలిపి పంచడం మొదలుపెట్టింది, అప్పుడు 100 రోజులు, ఇప్పుడు 180.

బిళ్ళలు ఇస్తారు సరే, వేసుకోవాలిగా. వికారం, విరేచనం నల్లగా అవడం, పైగా "బిడ్డ నల్లగా పుడుతుంది" అని ఇంట్లో పెద్దవాళ్ళ మాట, దాంతో స్ట్రిప్పులు కిటికీ గూట్లోనే ఉండిపోతాయి. వేసుకున్నవాళ్ళలో కొందరు టీతో వేసుకుంటారు, అలా అయితే ఐరన్ ఒంటికి సరిగ్గా పట్టదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో కూడా గర్భిణుల్లో 52 శాతం మందికి రక్తహీనత ఉంది, బరువు తూచిన పిల్లల్లో దాదాపు 18 శాతం 2.5 లోపే.

తిండి సంగతి హాలండ్‌లో బయటపడింది. 1944-45 చలికాలంలో జర్మన్లు తిండి రానివ్వలేదు, రేషన్ రోజుకి వెయ్యి కేలరీల కిందకి పడిపోయింది, చివరి మూడు నెలలు ఆ కరువులో గడిపిన తల్లుల పిల్లలు సుమారు 300 గ్రాములు తగ్గి పుట్టారు. మన దగ్గర యుద్ధం లేకపోయినా "ఎక్కువ తినకు, బిడ్డ లావైతే కాన్పు కష్టం" అని చెప్పి ఆ చివరి నెలల్లోనే తిండి తగ్గించేస్తారు. అంగన్‌వాడీలు 1975 నుంచి ఉన్నాయి, కానీ పిండి ప్యాకెట్ ఇంటికిస్తే అందరూ పంచుకుంటున్నారని 2013లో అమృతహస్తం, తెలంగాణలో 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి అని అక్కడే కూర్చోబెట్టి భోజనం, గుడ్డు, పాలు పెట్టడం మొదలుపెట్టారు. నా లెక్కలో మంచి మార్పు అదే.

పొగాకు, కట్టెలపొయ్యి పొగ, బీపీ (ముదిరి ఫిట్స్ వస్తే మనవాళ్ళు గుర్రపు వాతం అంటారు), కాన్పుకీ కాన్పుకీ ఎడం లేకపోవడం, ఇవన్నీ బరువు తగ్గించేవే. వయసు ఇంకోటి. 1929 శారదా చట్టంలో ఆడపిల్ల పెళ్ళికి 14 ఏళ్ళు, 1978కి 18 అయింది, అయినా అదే సర్వేలో 20-24 ఏళ్ళ వాళ్ళలో 18 లోపే పెళ్ళయినవాళ్ళు ఆంధ్రలో 29.3 శాతం, తెలంగాణలో 23.5. తనే ఇంకా ఎదుగుతున్న పిల్ల, తినేది ఇద్దరికీ సరిపోవాలి.

ఇక్కడే నాకు పేచీ. తల్లి కారణాలు అని రాసేస్తాం గానీ పెళ్ళెప్పుడు, తిండెంత, మళ్ళీ కాన్పెప్పుడు అనేవి తేల్చేది చాలా ఇళ్ళల్లో తను కాదు. పైగా మన పథకాలు ఎక్కువగా నెల తప్పి పేరు రాయించుకున్నాకే మొదలవుతాయి. 2006లో ముంబై మురికివాడల్లో ఇంకో దారి చూశారు, కడుపు రాకముందు నుంచే ఆకుకూరలు, పళ్ళు, పాలతో చేసిన చిరుతిండి రోజూ పెట్టారు. అందర్నీ కలిపి చూస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కనీసం మూడు నెలల ముందు నుంచి తిన్నవాళ్ళ పిల్లలు మాత్రం సగటున 48 గ్రాములు ఎక్కువ తూగారు, అది కూడా మరీ బక్కపల్చగా ఉన్న తల్లుల్లో కనపడలేదు, వాళ్ళకి ఆ మూడు నెలలు కూడా చాల్లేదేమో.