కవల దూడలు తప్పుదారి పట్టించిన పరీక్ష

కావలి నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. ఆమెకు నాలుగేళ్ల కవల మగపిల్లలు. ఎవరు పెద్దోడో, ఎవరు చిన్నోడో ఇంటికొచ్చిన చుట్టాలు పోల్చుకోలేరు. కానీ కాన్పు రోజున ఆసుపత్రిలో "మాయలు రెండున్నాయి కాబట్టి వీళ్లు వేర్వేరు అండాల కవలలు" అన్నారట. "మరి ఇంత పోలిక ఎక్కణ్ణుంచి వచ్చింది సార్? ఏది నమ్మాలి?" అని అడిగారు.

రెండు మాయలుంటే రెండు అండాలు అనేది చాలామంది నమ్మే మాటే గానీ, నిజం కాదు. ఫలదీకరణ జరిగిన మొదటి మూడు రోజుల్లో పిండం రెండుగా విడిపోతే, ఆ రెండూ గర్భాశయంలో చెరో చోట కుదురుకుని ఎవరి మాయను వాళ్లే తయారుచేసుకుంటాయి. ఒకే అండం నుంచి పుట్టిన కవలల్లో దాదాపు మూడో వంతు ఇలాంటివాళ్లే. విడిపోవడం ఇంకాస్త ఆలస్యమైతే ఇద్దరికీ ఒకే మాయ. దీనికి తోడు, పక్కపక్కనే పెరిగిన రెండు మాయలు అతుక్కుపోయి ఒకటిగా కనిపించడమూ ఉంది. అందుకే కాన్పయ్యాక కంటితో చూసి చెప్పడం కన్నా, 11 నుంచి 14 వారాల మధ్య తీసే స్కాన్ నమ్మదగినది. ఇద్దరు బిడ్డల మధ్య ఉండే పొర మాయను తాకే చోట లావుగా, త్రికోణంలా కనిపిస్తే మాయలు రెండు. సన్నగా, నిటారుగా వచ్చి తాకితే మాయ ఒకటే. ఒకటే అని తేలితే దాదాపు ఖాయంగా ఒకే అండం. రెండు అని తేలితే మాత్రం ఇంకా ఏమీ తేలనట్టే.

ఇద్దరిలో ఒకరు ఆడ, ఒకరు మగ అయితే ఇక వెతకాల్సిన పని లేదు, రెండు అండాలే. బ్లడ్ గ్రూపులు వేరైనా అంతే. గ్రూపు ఒకటే అయితే అది ఏ సాక్ష్యమూ కాదు. అమ్మానాన్నలిద్దరూ 'O' గ్రూపు అయితే పిల్లలందరిదీ 'O' గ్రూపే కదా! మా బడి పుస్తకాల్లో ఈ విషయం ఒక బొమ్మా రెండు వాక్యాలతో అయిపోయేది. "ఒకే అండం అయితే ఒకే పోలిక, రెండు అండాలైతే వేరే పోలిక" అని పిల్లలు బట్టీపట్టి మార్కులు తెచ్చుకునేవారు. ఫలానా ఇద్దరు ఏ రకమో ఎలా తెలుస్తుందని అడిగిన పిల్లవాడికి అందులో జవాబు ఉండేది కాదు. జంట అరటిపండు తింటే కవలలు పుడతారని ఇప్పటికీ గర్భిణి చేతిలోంచి పండు లాగేసుకునే ఇళ్లున్నాయి. పండు పొట్టలో జీర్ణమయ్యేదే. దానికీ అండాశయానికీ ఏ దారీ లేదు.

ఈ ప్రశ్న ఎప్పుడు విన్నా నాకు ముందు గుర్తొచ్చేవి ఆవులు. ఒంగోలు గిత్తలు పుట్టిన నేల మనది. బ్రెజిల్‌లో లక్షల మందలుగా పెరిగిన మన పశువుల సంతతిని అక్కడ పిలిచే పేరు కూడా నెలోర్. కొండపి వైపు రైతు ఒకాయన ఒకసారి నన్ను ఆపి, "అయ్యోరా, మా ఆవు ఒకే ఈతలో కోడెదూడనీ పెయ్యనీ వేసింది. కోడె బాగుంది. పెయ్య మూడేళ్లొచ్చినా ఎదకు రావడం లేదు. ఏదన్నా దోషమా?" అన్నాడు. దోషం కాదు, మాయలోని రక్తనాళాలు. ఆవు కడుపులో కవలల మాయలు చాలావరకు కలిసిపోతాయి, ఒక దూడ రక్తం రెండోదానిలోకి పారుతుంది. కోడెదూడ వృషణాలు ముందుగా తయారవుతాయి. వాటి నుంచి వచ్చే యాంటీ ముల్లేరియన్ హార్మోన్ పెయ్య ఒంట్లోకి చేరి గర్భసంచి ఎదగకుండా ఆపేస్తుంది. అలా కోడెతో కలిసి పుట్టిన పెయ్యల్లో నూటికి తొంభైకి పైగా గొడ్డువే. 1916లో ఫ్రాంక్ లిల్లీ అనే శాస్త్రవేత్త దీనికి కారణం హార్మోన్లేనని చెప్పాడు.

1945లో అమెరికాలో రే ఓవెన్ అనే శాస్త్రవేత్త ఇంకో వింత గమనించాడు. ఒక ఆవుకు ఒకే ఈతలో పుట్టిన రెండు దూడలకు తండ్రులు వేరు. అంటే రెండు అండాలని ముందే తెలుసు. అయినా రెండింటి రక్తపరీక్షా ఒకేలా వచ్చింది. ఇద్దరు తండ్రుల రక్తపు గుర్తులూ రెండు దూడల్లోనూ ఉన్నాయి! కడుపులో ఉండగా ఒకదాని రక్తకణాలను పుట్టించే కణాలు రెండోదానిలో చేరి, పుట్టాక కూడా కణాలను తయారుచేస్తూనే ఉన్నాయన్నమాట.

ఈ సంగతి తెలియని బ్రిటన్ శాస్త్రవేత్త పీటర్ మెదావర్ 1948లో స్టాక్‌హోమ్ సభలో డొనాల్డ్ అనే పశుశాస్త్రవేత్తను కలిశాడు. దూడలు ఒకే అండం కవలలో కాదో తేల్చే దారి కావాలని డొనాల్డ్ అడిగితే, మెదావర్ అది సులువన్నాడు. ఒకదాని చర్మం ముక్క తీసి రెండోదానికి అతికించి చూడాలి. ఒకరి చర్మం ఇంకొకరికి అతికిస్తే ఒళ్లు రెండు వారాల్లో దాన్ని పరాయిదిగా పసిగట్టి చంపేస్తుంది. అచ్చంగా ఒకటే అయిన కవలల మధ్య మాత్రం అది బతుకుతుంది. లెక్కలో తప్పేమీ లేదు. తీరా ఇంగ్లండ్ పొలంలో చేసి చూస్తే అన్ని రకాల కవల దూడలూ చాలావరకు ఒకదాని చర్మాన్ని ఒకటి నిలుపుకున్నాయి. ఆడ, మగ జంటలు కూడా! ఎంత మంచి పరీక్ష, ఎలా విఫలమైంది! ఓవెన్ రాసింది చదివాక మెదావర్‌కు ముడి విడింది. కడుపులోనే పరిచయమైన కణాలను ఒళ్లు జీవితాంతం తనవే అనుకుంటుంది. 1953లో ఎలుకల్లో దీన్ని చేసి చూపించాడు. 1960లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్త బర్నెట్‌తో కలిసి నోబెల్ అందుకున్నాడు.

మనుషుల్లో కవలల రక్తం అంతగా కలవదు కాబట్టి ఆ చర్మపరీక్ష మనకు పనికొచ్చింది. 1954 డిసెంబర్ 23న బోస్టన్‌లో జోసెఫ్ ముర్రే అనే డాక్టర్ ఒక యువకుడి కిడ్నీని అతని కవల సోదరుడికి అమర్చాడు. ఇద్దరికీ 23 ఏళ్లు. వాళ్లు ఒకే అండం కవలలని తేల్చుకోవడానికి ముందుగా ఒకరి చర్మం ముక్క ఇంకొకరికి అతికించి చూశారు. పోలీస్ స్టేషన్‌లో వేలిముద్రలు కూడా తీయించారు. కిడ్నీ అమర్చుకున్న ఆయన ఆ తర్వాత ఎనిమిదేళ్లు బతికాడు.

వేలిముద్రల గురించి ఇక్కడే చెప్పాలి. ఒకే అండం కవలలకు కూడా అవి అచ్చంగా కలవవు. వేలి గీతలు గర్భంలో నాలుగో నెల దాకా రూపుదిద్దుకుంటాయి. బిడ్డ ఒత్తిగిలిన తీరు, వేలి మీద పడే ఒత్తిడి ఇద్దరికీ ఒకటి కావు. కాబట్టి ముద్రలు కలవలేదని రెండు అండాలు అనుకోకూడదు.

ఇప్పుడు చర్మం కోయనక్కర్లేదు, డీఎన్ఏ పరీక్ష ఉంది. మన డీఎన్ఏలో కొన్ని చోట్ల చిన్న చిన్న ముక్కలు వరసగా మళ్లీ మళ్లీ వస్తాయి. ఎన్నిసార్లు వస్తాయన్నది మనిషికీ మనిషికీ మారుతుంది. ఒక చోట అమ్మ దగ్గర 7, 9 ఉన్నాయనుకోండి, నాన్న దగ్గర 6, 11. బిడ్డకు అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వస్తాయి: 7-6, 7-11, 9-6, 9-11, మొత్తం నాలుగు రకాలు. రెండు అండాల కవలలైతే ఆ ఒక్క చోట ఇద్దరికీ ఒకే జత పడే అవకాశం నాలుగింట ఒకటి. రెండు చోట్లా కలవాలంటే పదహారింట ఒకటి. మూడు చోట్లయితే అరవై నాలుగింట ఒకటి. ఇలా 15 చోట్లూ కలవాలంటే 107 కోట్లకు పైగా ఉన్నవాటిలో ఒక్కసారి. అమ్మానాన్నల అంకెలు కొన్ని చోట్ల కలిసి, ఈ అవకాశం పెరిగినా, అది చాలా తక్కువే. కాబట్టి 15 చోట్లూ కలిస్తే ఒకే అండం అని చెప్పేయవచ్చు. ఏ రెండు మూడు చోట్ల తేడా వచ్చినా రెండు అండాలు.

కావలి తల్లికి నేను చెప్పింది ఇదే. పిల్లల పోలికా, ఆ రోజు మాయల లెక్కా రెండూ పక్కన పెట్టమ్మా. పరీక్షకు సూది కూడా అక్కర్లేదు, బుగ్గ లోపల దూది చుట్టిన పుల్లతో రుద్దితే చాలు. పిల్లలు తిన్న వెంటనే తీయవద్దు. ఒకరి నోట్లో పెట్టిన పుల్లను ఇంకొకరి నోట్లో పెట్టవద్దు. అలా చేస్తే రెండు డీఎన్ఏలూ కలిసిపోయి ఫలితం తేలదు.