మూత కింది పనికి నియమాలు ఎలా వచ్చాయి?

పదిహేడో శతాబ్దం చివర్లో ఇటలీలోని మోదెనా నగరంలో ఒక వైద్యుడి ఇంట్లో మరుగుదొడ్డి గుంత ఖాళీ చేయిస్తున్నారు. ఆ వైద్యుడి పేరు బెర్నార్దినో రామజ్జిని. లోపలికి దిగిన కూలీ ఆదరాబాదరాగా పని చేస్తుంటే చూడలేక, ఎందుకంత తొందర, ఒళ్లు అలిసిపోకుండా నెమ్మదిగా చేసుకోవచ్చు కదా అని అడిగాడు. నాలుగు గంటలకు మించి ఇందులో ఉంటే కళ్లు పోయినట్టేనని ఆ మనిషి తలెత్తి జవాబిచ్చాడు. బయటికి వచ్చాక రామజ్జిని అతని కళ్లు చూశాడు. ఎర్రబడి, మసకబారి ఉన్నాయి. వృత్తుల వల్ల వచ్చే రోగాల గురించి రాయాలన్న ఆలోచన తనకు అక్కడే పుట్టిందని ఆయనే చెప్పుకున్నాడు. 1700లో అచ్చయిన ఆ గ్రంథం వృత్తి వైద్యానికి పునాదిరాయి అయింది.

ఆ కూలీ చేసిన పనికి మాత్రం ఏ ప్రమాణమూ అప్పుడు రాలేదు. సెప్టిక్ ట్యాంకు కట్టేవాడికి, ఖాళీ చేసేవాడికి, తనిఖీ చేసేవాడికి ఏ అర్హత ఉండాలి, ఆ అర్హతను ఎవరు ఇవ్వాలి, తప్పు చేస్తే ఎవరు ఆపాలి అనే ప్రశ్నలకు చట్టాల్లో జవాబులు వచ్చింది చాలావరకు గత నలభై, యాభై ఏళ్లలోనే. ఇంత ఆలస్యానికి కారణాలు చాలా ఉన్నా, ట్యాంకు పుట్టినప్పుడు దాని గురించి జనానికి చెప్పిన ఒక అబద్ధమే వాటిలో పెద్దదని నా నమ్మకం.

ట్యాంకు రాకముందు ఉన్నవి గుంతలే. వాటి మీద నియమాలు లేకపోలేదు. ఇంగ్లండులో గుంతలు ఎత్తేవాళ్లు రాత్రిపూట మాత్రమే పని చేయాలి, తెల్లారేలోగా సరుకు ఊరి బయటికి చేరాలి. పారిస్‌లో గుంతల గోడల్లోంచి నీరు ఇంకిపోకుండా కట్టాలని 1819లో రాజశాసనం వచ్చింది. ఈ నియమాలన్నీ పక్కవాళ్ల ముక్కును, బావులను కాపాడటానికి పెట్టినవి. గుంతలోకి దిగేవాడి సంగతి వాటిలో లేదు.

1860 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోని వెజూల్‌లో ఝాఁ లూయీ మురాస్ అనే ఆయన ఒక ఇంటికి కొత్తరకం తొట్టి కట్టాడు. మురికినీరు ఒకవైపు నుంచి లోపలికి వచ్చి, నీటిమట్టం కింద మునిగి ఉన్న గొట్టం ద్వారా రెండోవైపు బయటికి పోతుంది. పన్నెండేళ్లు గడిచాక మూత తీసి చూస్తే నిండిపోయి ఉంటుందనుకున్న తొట్టిలో గట్టి పదార్థం చాలా తక్కువగా కనిపించింది. అబ్బే మువాన్యో అనే విజ్ఞాన ప్రచారకుడితో కలిసి దీన్ని లోకానికి చాటారు. 1881లో పేటెంటు వచ్చింది. దానికి తగిలించిన విశేషణం గమనించదగ్గది: తనంతట తానే శుభ్రమయ్యేది.

1895లో ఇంగ్లండులోని ఎక్సిటర్ నగర సర్వేయరు డొనాల్డ్ కామెరన్ ఇలాంటిదే పెద్ద ఎత్తున కట్టి, దానికి సెప్టిక్ ట్యాంకు అని పేరు పెట్టాడు. లోపల పుట్టిన గ్యాసుతో దీపాలు వెలిగించి చూపించాడు. ఘనపదార్థం కరిగి నీరైపోతుందన్నది ఆనాటి ప్రచారం. అమెరికాలో ఈ పేటెంటు హక్కులున్న కంపెనీ రాయల్టీల కోసం ఊళ్ల మీద దావాలు వేసింది. న్యూయార్క్ రాష్ట్రంలోని సరటోగా స్ప్రింగ్స్ మీద వేసిన కేసులో 1908లో అప్పీలు కోర్టు కంపెనీ వైపు తీర్పు చెప్పింది. పెద్ద పట్టణాలు మెల్లగా వేరే పద్ధతులకు మళ్లాయి. సెప్టిక్ ట్యాంకు విడి ఇళ్ల వెనక మిగిలింది. దానితోపాటు, ఒకసారి పాతిపెట్టి మరిచిపోవచ్చన్న నమ్మకం కూడా మిగిలింది.

ట్యాంకులో నిజంగా జరిగేది వేరు. బరువైనది అడుగున మడ్డిగా దిగుతుంది. నూనె, జిడ్డు పైన తెట్టుకడుతుంది. మధ్యలోని పలుచటి నీరు మాత్రమే బయటి నేలలోకి పోవాలి. సూక్ష్మజీవులు మడ్డిని కొంత తగ్గిస్తాయే తప్ప మాయం చేయవు. మడ్డి, తెట్టు కలిసి ట్యాంకు లోతులో మూడో వంతు దాకా వస్తే ఎత్తించాలన్నది చాలాచోట్ల పాటించే లెక్క. ఎత్తించకపోతే గట్టి పదార్థం నీటితో పాటు కొట్టుకుపోయి, నేలలోని ఇంకుడు కాలువల రంధ్రాలను మూసేస్తుంది. ట్యాంకును ఎప్పుడైనా ఖాళీ చేయవచ్చు గానీ, మూసుకుపోయిన నేలను తిరిగి తెరవడం చాలా కష్టం.

ఈ వృత్తిలో అసలు చిక్కు కూడా ఇక్కడే ఉంది. ట్యాంకరు వచ్చి పైపైన నీరు లాగేసి, అడుగు మడ్డిని అలాగే వదిలి వెళ్లినా ఇంటివాళ్లకు ఆ రోజు తేడా తెలియదు. నీళ్లు పోతుంటాయి, వాసన ఉండదు. పెద్ద మూత తెరవకుండా చిన్న కన్నంలోంచి గొట్టం దింపినా, బయటికి పోయే గొట్టం దగ్గర తెట్టును ఆపే అడ్డుపలక విరిగిందని చూసి కూడా చెప్పకపోయినా అంతే. నష్టం బయటపడేసరికి ఏళ్లు గడిచిపోతాయి. అప్పటికి ఆ పని చేసినవాడు ఎక్కడో ఉంటాడు, ఫలానా తప్పు వల్లే ఇలా జరిగిందని రుజువు చేయడానికి దారి ఉండదు. మంచి పనివాడికీ చెడ్డ పనివాడికీ తేడా కొనేవాడికి కనబడని చోట, తక్కువ ధర చెప్పినవాడే గెలుస్తాడు. అడుగు దాకా తోడి, అడ్డుపలకలు చూసి, కాగితం రాసిచ్చే నిజాయితీపరుడికి టైమూ డీజిలూ ఎక్కువ ఖర్చు. లైసెన్సులు కావాలని మొదట గొంతెత్తినవాళ్లలో ఈ వృత్తివాళ్లూ ఉండటానికి కారణం ఇదే.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో శివార్లు విపరీతంగా పెరిగాయి. మురుగు కాలువలు అంత వేగంగా వెళ్లలేదు. కట్టిన కొద్ది ఏళ్లకే పొంగుతున్న ట్యాంకులు చూసి ప్రజారోగ్య విభాగం పరిశోధనలు చేయించి, 1957లో ఒక మార్గదర్శక గ్రంథం వెలువరించింది. 1967లో దాన్ని సవరించింది. ట్యాంకు ఎంత ఉండాలి, నేల ఎంత త్వరగా నీటిని పీల్చుకుంటుంది, బావికి ఎంత దూరం ఉండాలి వంటివన్నీ స్థానిక నియమావళుల్లోకి అక్కడి నుంచే వెళ్లాయి. కట్టేటప్పుడు ఒక అధికారి వచ్చి చూసి సంతకం పెడతాడు. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ల పాటు దాన్ని ఎవరు చూడాలి అన్న ప్రశ్న అడగలేదు. ఎలాగూ రేపో మాపో మురుగు కాలువ వస్తుంది, ఇదంతా తాత్కాలికం అన్న ఊహ దాని వెనక ఉంది.

ఆ ఊహ తప్పని ప్రభుత్వం గట్టిగా ఒప్పుకోవడానికి 1997 దాకా పట్టింది. దాదాపు నాలుగో వంతు ఇళ్లు ఇలాంటి ఏర్పాట్ల మీదే ఉన్నాయనీ, సరిగా నిర్వహిస్తే ఇవి శాశ్వత పరిష్కారమేననీ పర్యావరణ పరిరక్షణ సంస్థ ఆ ఏడాది అమెరికా పార్లమెంటుకు నివేదించింది. నిర్వహించేవాళ్లు లేకపోవడాన్ని పెద్ద అడ్డంకుల్లో ఒకటిగా గుర్తించింది. 2003లో నిర్వహణకు అయిదు నమూనాలు సూచించింది. మొదటిది ఇంటి యజమానికి అవగాహన కల్పించడంతో సరిపెడితే, చివరిదానిలో ఒక బాధ్యతాయుత సంస్థే ట్యాంకులకు యజమాని అయి నడుపుతుంది. అయితే ఇవి ఐచ్ఛికం. అంతకుముందే 1993లో వచ్చిన సమాఖ్య నియమం ట్యాంకరు నుంచి ఎరువుగా పొలానికి వెళ్లే మడ్డి మీద పడింది. వ్యాధికారకాల్ని అదుపు చేయడానికి సున్నం వంటి క్షారం కలిపి పీహెచ్‌ను (ఆమ్ల, క్షార స్వభావాల కొలతను) 12కు పెంచి అరగంట నిలపడం అందులో ఒక మార్గం. నేలకు ఎంత వేయవచ్చో నత్రజని లెక్క ప్రకారం తేల్చాలి, ఆ రికార్డు అయిదేళ్లు దాచాలి. నియమం పాటించానని సంతకం చేసి ధ్రువీకరించే బాధ్యత పొలంలో వేసేవాడిదే. ట్యాంకరు వాళ్లను ఒక వృత్తిగా, జవాబుదారులుగా చూసిన తొలి గట్టి అడుగుల్లో ఇది ఒకటని నేను అనుకుంటాను.

1995లో మసాచుసెట్స్ రాష్ట్రం ఇంకో దారి పట్టింది. ఇల్లు చేతులు మారేటప్పుడు సెప్టిక్ ఏర్పాటును రాష్ట్రం ఆమోదించిన ఇన్‌స్పెక్టరు చూడటం తప్పనిసరి చేసింది. దీనివల్ల తనిఖీ అన్నదే ఒక ప్రత్యేక వృత్తి అయింది. ఏ ఊళ్లోనైనా దీనివెంటే వచ్చే చిక్కు ఒకటుంది: తనిఖీ చేసి బాగా లేదని రాసేవాడే బాగుచేసే కాంట్రాక్టరు కూడా అయితే ఆ మాటను ఎంతవరకు నమ్మాలి?

ఈ చిక్కును చట్టంలోనే విడదీసిన దేశం జపాన్. అక్కడ ఇంటింటి శుద్ధి తొట్టిని జోకాసో అంటారు. 1983లో చేసి 1985 నుంచి అమలు చేసిన జోకాసో చట్టం పనులను ముక్కలుగా పంచింది. బిగించే పనిని పర్యవేక్షించేవాడికి ఒక జాతీయ అర్హత, నిర్వహణ చూసేవాడికి వేరే జాతీయ అర్హత. మడ్డి ఎత్తే సంస్థకు స్థానిక ప్రభుత్వం అనుమతి ఇవ్వాలి, ఏడాదికోసారి ఎత్తించాలి. వీళ్లందరి పనీ సరిగా ఉందో లేదో ఏటా చూడటానికి మరో గుర్తింపు పొందిన సంస్థ వస్తుంది. మరుగుదొడ్డి నీటిని మాత్రమే శుద్ధిచేసి వంటగది, స్నానాల నీటిని అలాగే వదిలేసే పాతరకం తొట్లను 2001 నుంచి కొత్తగా పెట్టనివ్వడం లేదు. ఖర్చుతో కూడిన విధానమే. కానీ ఎవరి తప్పుకు ఎవరు జవాబుదారో ఇంత స్పష్టంగా చెప్పిన చట్టం నా దృష్టికి రాలేదు.

ఐర్లండ్‌లో మార్పు కోర్టు నుంచి వచ్చింది. పల్లెల్లోని సెప్టిక్ ట్యాంకులను తనిఖీ చేసే ఏర్పాటు లేదని 2009 అక్టోబరులో యూరోపియన్ న్యాయస్థానం ఆ దేశాన్ని తప్పుపట్టింది. సొంత నిబంధనలున్న కావన్ కౌంటీని మాత్రం మినహాయించింది. 2012లో చట్టం వచ్చి ట్యాంకుల నమోదు తప్పనిసరి అయింది. ఆ నమోదును పల్లెలు గట్టిగా వ్యతిరేకించాయి. ఆలస్యానికి అదే ఏడాది డిసెంబరులో న్యాయస్థానం 20 లక్షల యూరోల జరిమానా వేసింది. తనిఖీలు 2013లో మొదలయ్యాయి. ఇంగ్లండులో 2020 నుంచి సెప్టిక్ ట్యాంకు నీటిని నేరుగా వాగుల్లోకి వదలకూడదు.

ఇక రామజ్జిని చూసిన ఆ మనిషి సంగతి. ట్యాంకులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ కొంచెముంటే కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది. పది లక్షల వంతుల్లో వంద వంతులకు చేరితే ముక్కు మొద్దుబారి వాసన తెలియడం మానేస్తుంది. ప్రమాదం తొలగిపోయిందని మనిషి అనుకునే క్షణమే అత్యంత ప్రమాదకరమైనది. ఇంకా పెరిగితే నిమిషాల్లో కుప్పకూలుతాడు. పడిపోయినవాడిని లాగడానికి రెండోవాడు దిగుతాడు. ఇరుకు స్థలాల్లో చనిపోయినవాళ్లలో 60 శాతానికి పైగా కాపాడబోయినవాళ్లేనని అమెరికా వృత్తి భద్రతా పరిశోధన సంస్థ 1986లో హెచ్చరించింది. గాలి పరీక్ష, రాతపూర్వక అనుమతి, బయట కాపలా మనిషి లేకుండా ఇలాంటి చోట్లకు దిగకూడదన్న నియమం ఆ దేశంలో 1993లో వచ్చింది.

భారతదేశంలో మలాన్ని చేత్తో ఎత్తించే పనిని నిషేధించిన 1993 నాటి చట్టం ప్రధానంగా పొడి మరుగుదొడ్ల గురించే మాట్లాడింది. సెప్టిక్ ట్యాంకులను మనుషులతో ప్రమాదకరంగా శుభ్రం చేయించడం నేరమని చెప్పింది 2013 చట్టం. 1993 నుంచి ఇలా శుభ్రం చేస్తూ మరణించినవాళ్ల కుటుంబాలకు తలా పది లక్షల రూపాయలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014 మార్చిలో ఆదేశించింది. మరణాలు ఆగలేదు. 2023 అక్టోబరులో కోర్టు ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది.

ఈ పని చేసే మనుషుల ఆరోగ్యం, భద్రత, గౌరవం గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ, ప్రపంచ బ్యాంకు, వాటర్‌ఎయిడ్ కలిసి 2019లో నివేదిక వెలువరించాయి. లైసెన్సు ఉన్న చాలాచోట్ల ఇప్పటికీ అది సంస్థ పేరు మీదో, బండి పేరు మీదో ఉంటుంది. బండి ట్యాంకు ఎంత పెద్దది, గొట్టం కారుతోందా, సరుకు ఎక్కడ దింపుతారు అని దరఖాస్తులో అడుగుతారు. మూత తీసి గొట్టం దింపే మనిషికి ఆ గ్యాసు గురించి ఎవరైనా చెప్పారా అని అడిగే గడి వాటిలో అరుదు.