గేలిక్ పాట కచేరీలు: అపోహలు - వాస్తవాలు

గ్లాస్గోలో కచేరీలకు సౌండ్ చూసే పని నాది. ఇక్కడ 1994 నుంచి ఏటా జనవరిలో సెల్టిక్ కనెక్షన్స్ అనే సంగీత ఉత్సవం జరుగుతుంది. స్కాట్లాండ్ పాత భాష గేలిక్‌లో పాడే కచేరీలూ అందులో ఉంటాయి. అది దగ్గరపడిందంటే చాలు, మన తెలుగువాళ్లది ఒకటే ప్రశ్న: "గేలిక్ ఒక్క ముక్క రాదు, టికెట్ డబ్బులు దండగేనా?"

అపోహ: భాష రాకపోతే పాట ఎక్కదు.

వాస్తవం: హాల్లో కూర్చున్న స్కాట్లాండ్ వాళ్లలోనే చాలామందికి గేలిక్ రాదు. గాయకులకూ ఆ సంగతి తెలుసు. అందుకే పాట ఎత్తుకునే ముందు దాని కథ ఇంగ్లిష్‌లో చెప్తుంటారు: ఏ దీవిలో పుట్టింది, ఎవరి కోసం పాడారు, ఏ పడవ తిరిగి రాలేదు. ఆ కాసేపు ఫోన్ లోపల పెట్టి వినండి.

ఓరన్ లువాయ్ పాటలైతే మరీ సులువు. కొత్తగా నేసిన ఉన్నిబట్ట దగ్గరపడి మందంగా అవ్వాలని, తడిపిన బట్టను బల్లకేసి కొడుతూ ఆడవాళ్లు పాడుకున్నవి ఇవి. ఒకరు చరణం చెప్తే మిగతావాళ్లు పల్లవి అందుకుంటారు. ఆ పల్లవుల్లో చాలావరకు 'హీ రీ', 'హో రో' లాంటి ఊతపదాలే. గేలిక్ ఇంటిభాషగా పెరిగినవాళ్లకైనా వాటికి అర్థం లేదు. తప్పు పాడితే పక్కవాళ్లు తిడతారని ఎవరు పుట్టించారో గానీ, అది శుద్ధ అబద్ధం. పాడమని స్టేజి మీది నుంచి గాయకులే అడుగుతారు.

ఒకసారి ఒకబ్బాయి ఊరి నుంచి వచ్చిన వాళ్లమ్మను తీసుకొచ్చాడు. ఆవిడకు ఇంగ్లిష్ కూడా రాదు. "అమ్మకు బోర్ కొడుతుందేమో అన్నా" అని అతనికి ఒకటే టెన్షన్. రెండో పల్లవికల్లా ఆవిడ తొడ మీద తాళం వేస్తూ గొంతు కలిపేసింది. విరామంలో నా దగ్గరికొచ్చి, "నాట్లేసేటప్పుడు మేమూ ఇంతే కదయ్యా, ఒకరు చెప్తే అందరం అందుకుంటాం" అంది.

అపోహ: వాయిద్యాలు లేకపోతే పాట వెలితిగా ఉంటుంది.

వాస్తవం: పాత పద్ధతిలో ఒక్క గొంతే. లయ మాటల్ని బట్టి సాగుతుంది, తాళం కోసం వెతక్కండి. అలాంటి పాటకు నేను ఎకో దాదాపు తీసేస్తాను, ఊపిరి తీసుకోవడం కూడా వినపడాలి.

మిగతావి గబగబా. అన్నీ ఏడుపు పాటలు కావు, డాన్స్ కోసం నోటితోనే వేగంగా పాడేవీ ఉన్నాయి. ఐర్లాండ్‌లో షాన్ నోస్ అని పాత పద్ధతి పాట ఒకటుంది, అదీ ఇదీ ఒకటి కాదు. స్కాట్లాండ్‌లోని లూయిస్ దీవి చర్చిల్లో ఎవరి గమకాలు వాళ్లు వేస్తూ పాడే కీర్తనలు ఆరాధన. అక్కడ ఫోన్లు ఎత్తకండి.

జనవరి దాటిపోయిందా? 1892లో ఓబన్ ఊళ్లో మొదలైన మోడ్ అనే గేలిక్ పాటల పోటీలు అక్టోబరులో జరుగుతాయి, ఏడాదికో ఊళ్లో. కొన్ని పోటీల్లో ఒకే పాటను వరసగా చాలామంది పాడతారు. మూడో గొంతు వచ్చేసరికి వరస మీ నోటికీ వచ్చేస్తుంది.