ఏం తాగితే పిల్లలు పొడుగవుతారు? అపోహలు - వాస్తవాలు

పిల్లల డాక్టరుగా నన్ను తల్లులు ఎక్కువగా అడిగేది: "పాలల్లో ఏ పౌడర్ కలపమంటారు?"

అపోహ: పౌడర్ కలిపిన పాలతో ఎత్తు పెరుగుతారు.

నాలుగేళ్లు దాటాక, ఈడొచ్చే దాకా, ఆరోగ్యంగా ఉన్న పిల్లలు ఏడాదికి 5-6 సెం.మీ. ఎటూ పెరుగుతారు. ఆ ఘనత పౌడర్ డబ్బాకి వెళ్తుంది. ఇంట్లోనే లెక్క వేసుకోండి: అమ్మానాన్నల ఎత్తులు సెం.మీ.లలో కూడి, అబ్బాయైతే 13 కలిపి, అమ్మాయైతే 13 తీసేసి, సగం చేయండి. చాలామంది పిల్లలు ఆ అంకెకు కాస్త అటూ ఇటూగా ఆగుతారు. మన ఆహార భద్రతా చట్టంలో 'హెల్త్ డ్రింక్' అన్న మాటకు నిర్వచనమే లేదు. అందుకే 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ బోర్న్‌విటా లాంటి వాటిని ఆ విభాగంలోంచి తీసేయమని ఆన్‌లైన్ దుకాణాలకు చెప్పింది. పాలు ససేమిరా అనే పిల్లాడు ఒక చెంచా వేస్తే తాగుతాడంటే నేనేమీ అనను. కానీ ఏడాదికి 4 సెం.మీ. కూడా పెరగలేదంటే డబ్బా మార్చి చూడకండి, పరీక్ష చేయించండి.

అపోహ: పాలు ఎంత తాగితే అంత బలం.

"అన్నం ముట్టడండీ, పాల మీదే బతుకుతున్నాడు" అంటూ రెండేళ్ల బాబుని తీసుకొస్తారు. రోజుకు లీటరు పాలు! బొద్దుగానే ఉంటాడు, కళ్ల కింద రెప్ప లాగి చూస్తే తెల్లగా పాలిపోయి ఉంటుంది, అంటే రక్తహీనత. పాలల్లో ఇనుము దాదాపు ఉండదు, పాలతో కడుపు నిండినవాడికి పప్పన్నం, గుడ్డు ఎక్కడ పడతాయి? ఏడాది దాటాక రోజుకు అర లీటరు మించనివ్వకండి. పాలు పడని పిల్లలకు రాగి జావ ఉంది, 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మి.గ్రా. కాల్షియం.

అపోహ: టీ తాగితే నల్లబడతారు, కాఫీతో ఎత్తు ఆగిపోతుంది.

రెండూ కావు. అలాగని టిఫిన్‌తోపాటు టీ ఇవ్వకండి. అందులోని టానిన్లనే పదార్థాలు తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. నెలసరి మొదలైన ఆడపిల్లలకు ఇది పెద్ద నష్టం. పరీక్షల ముందు ఇంటర్ పిల్లలు తాగే ఎనర్జీ డ్రింకుల మీద 'పిల్లలకు కాదు' అని కంపెనీలే అచ్చువేస్తాయి, ఒకసారి తిప్పి చదవండి.

అపోహ: విరేచనాలైతే ఏ ఓఆర్ఎస్ డబ్బా అయినా ఒకటే.

మాటిమాటికీ విరేచనాలయ్యే పిల్లల ఎదుగుదల నిజంగానే దెబ్బతింటుంది. ఓఆర్ఎస్ పేరుతో అమ్మిన కొన్ని పానీయాల్లో చక్కెర ఎక్కువ, వాటితో విరేచనాలు ఇంకా పెరుగుతాయి. హైదరాబాద్ డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబర్‌లో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అలాంటి పానీయాల మీద ఓఆర్ఎస్ పేరు వాడొద్దంది. 'డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా' అని ఉన్న పొడి ప్యాకెట్ అడిగి తీసుకోండి. లీటరు ప్యాకెట్ అయితే మొత్తం ఒకేసారి లీటరు మంచినీళ్లలో కలపండి, గ్లాసుకి చెంచా చొప్పున కాదు. 24 గంటలు దాటితే పారబోయండి.