థైమస్ ఇంజెక్షన్లు, ముసలితనం: అపోహలు - వాస్తవాలు

ఈమధ్య ఒడిశాలోని పర్లాకిమిడిలో నా దగ్గరికి వచ్చే పెద్దవాళ్ల కంటే, హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగాలు చేసే వాళ్ల పిల్లలే ఎక్కువ ఫోన్లు చేస్తున్నారు. "డాక్టరుగారూ, నాన్నకి నెలకోసారి దగ్గు, జ్వరం. థైమోసిన్ అని ఇంజెక్షన్ ఉందట. ఇమ్యూనిటీ మళ్లీ కుర్రవాళ్లలా అవుతుందట. వేయించమంటారా?" గుణుపురం, రాయగడ వైపు నుంచి కూడా ఇదే ప్రశ్న. థైమస్ అనే గ్రంథిలో దొరికే పదార్థం పేరు మీద వచ్చిన ఈ మందు బూటకమేమీ కాదు. దాని పేరు చెప్పి చేస్తున్న ప్రచారంతోనే నా పేచీ.

అపోహ: థైమస్ అంటే థైరాయిడే.

కాదు. థైరాయిడ్ మెడలో ఉంటుంది. థైమస్ రొమ్ము ఎముక వెనక, గుండెకి పైన ఉంటుంది. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు ఈ పోస్టు చూసి టెన్షన్ పడక్కర్లేదు.

అపోహ: పెద్దయ్యాక థైమస్ ఉన్నా లేనట్టే.

ఒకప్పుడు డాక్టర్లే ఇలా అనుకునేవారు. అంతకంటే ఘోరం, గత శతాబ్దం తొలి సగంలో అమెరికాలో పసిపిల్లలకి థైమస్ పెద్దగా ఉంటే అది జబ్బనుకుని ఎక్స్‌రే కిరణాలు పెట్టి కుదించేవారు. ఆ పిల్లల్లో కొందరికి తర్వాత థైరాయిడ్ క్యాన్సర్ వచ్చింది. అప్పుడే పుట్టిన ఎలుకల్లో ఈ గ్రంథి తీసేస్తే వాటి రోగనిరోధక వ్యవస్థ దెబ్బతింటుందని 1961లో లండన్‌లో జాక్ మిల్లర్ అనే శాస్త్రవేత్త చూపించాకే దీని విలువ తెలిసింది. ఎముక మజ్జలో పుట్టిన కణాలు ఇక్కడికొచ్చి టి కణాలుగా, అంటే రోగాలతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణాలుగా తయారవుతాయి. పనికిరానివాటిని, సొంత ఒంటి మీదే తిరగబడేవాటిని థైమస్ ఇక్కడే చంపేస్తుంది. నూటికి 95కి పైగా బయటికి రాకుండానే పోతాయి.

పుట్టిన ఏడాది నుంచే ఈ గ్రంథి తగ్గడం మొదలవుతుంది. నడివయసు దాకా ఏడాదికి సుమారు 3 శాతం చొప్పున పనిచేసే భాగం తగ్గి, ఆ స్థానంలో కొవ్వు చేరుతుంది. ఆ తర్వాత వేగం తగ్గుతుంది కానీ ఆగదు. అయినా మిగిలిన ఆ కాస్తకీ విలువ ఉంది. ఆపరేషన్‌లో థైమస్ తీసేసిన పెద్దవాళ్లని, అలాంటి గుండె, ఛాతీ ఆపరేషనే అయినా థైమస్ తియ్యనివాళ్లతో బోస్టన్ పరిశోధకులు పోల్చి చూశారు. 2023లో వచ్చిన ఆ లెక్క ప్రకారం 5 ఏళ్లలో చనిపోయినవాళ్లు తీసినవాళ్లలో 8.1 శాతం, తియ్యనివాళ్లలో 2.8 శాతం. క్యాన్సర్లు కూడా దాదాపు రెట్టింపు.

అపోహ: ఇంజెక్షన్ వేస్తే ఆ గ్రంథి మళ్లీ పెరుగుతుంది.

ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఈ మాట నమ్మే. ఆ ఇంజెక్షన్‌లో ఉండే థైమోసిన్ ఆల్ఫా 1 అంటే 28 అమైనో ఆమ్లాల చిన్న పెప్టైడ్, అంటే ప్రొటీన్ ముక్క లాంటిది. అమెరికా శాస్త్రవేత్త అలన్ గోల్డ్‌స్టీన్ బృందం మొదట దూడల థైమస్ నుంచి వేరుచేసింది. ఇప్పుడు మందుగా వాడేది ల్యాబ్‌లో తయారుచేస్తారు, జడాక్సిన్ అనే పేరుతో చైనా వంటి దేశాల్లో హెపటైటిస్ బి కి అనుమతి కూడా ఉంది. అమెరికా ఔషధ సంస్థ అనుమతి మాత్రం లేదు. చర్మం కింద వేశాక రక్తంలో సగం తగ్గడానికి సుమారు 2 గంటలే పడుతుంది. ఆలోపు అది చేసేదేమిటంటే, ఒంట్లో ఇప్పటికే ఉన్న నిఘా కణాలని, టి కణాలని హుషారు చేయడం. ముసలి ఎద్దుని అదిలిస్తే నాలుగడుగులు గబగబా వేస్తుంది కానీ కొట్టంలో కొత్త దూడ పుట్టదు కదా. ఎండిన థైమస్‌ని ఇది మనుషుల్లో తిరిగి పెంచినట్టు నిరూపణ లేదు.

"మరి అమెరికాలో పెంచారట కదా" అని ఒకాయన వీడియో పంపారు. అందులో చెప్పింది 2019లో అచ్చైన ఒక చిన్న అధ్యయనం గురించి. అందులో ఇచ్చినవి గ్రోత్ హార్మోన్, డీహెచ్ఈఏ అనే ఇంకో హార్మోన్, షుగర్ మందు మెట్‌ఫార్మిన్. 9 మంది మగవాళ్ల ఫలితాలు. పోల్చి చూడటానికి మందు ఇవ్వని బృందమే లేదు. థైమస్ పెప్టైడ్ ఊసే లేదు. ఆ ఫలితాన్ని తెచ్చి ఈ సీసాకి అతికిస్తున్నారు.

అపోహ: మేక మెడ దగ్గర, గుండె పైన ఉండే తెల్ల గ్రంథి వండుకు తింటే చాలు.

మేకపిల్లది రుచిగా ఉంటుందంటారు, తినండి. కానీ పెప్టైడ్ కడుపులోకి వెళ్తే మిగతా మాంసంలాగే అరిగిపోతుంది. యూరిక్ యాసిడ్ ఎక్కువున్నవాళ్లు మాత్రం దాని జోలికి పోకపోవడమే మేలు.

అపోహ: థైమస్ పేరున్నవన్నీ ఒకటే.

థైమోసిన్ బీటా 4 అనేదొకటుంది, 43 అమైనో ఆమ్లాలు. దాదాపు ప్రతి కణంలోనూ ఉంటుంది, పని వేరు. జిమ్ కుర్రాళ్లు టీబీ-500 అని కొనేది దీని బాపతే. క్రీడల్లో నిషేధం. పేరులో టీబీ ఉందని క్షయకి మందనుకునేరు! ఇక థైములిన్ అని 9 అమైనో ఆమ్లాలది ఇంకొకటి. జింక్ లేకుండా అది పనిచేయదు, జింక్ తక్కువైనవాళ్లలో దాని పని తగ్గుతుంది. మన పల్లెల్లో పళ్లు ఊడిన ముసలమ్మలు పొద్దున చోడి అంబలి, రాత్రి గంజన్నంతో సరిపెట్టుకుంటారు. పప్పు, గుడ్డు, చేప వాళ్ల కంచంలోకి ఎప్పుడోగాని రావు. ఇంజెక్షన్ ఖరీదు అడిగే కొడుకుని నేను ముందు అమ్మ ఏం తింటోందో అడుగుతాను. చాలామందికి తెలీదు. జింక్ మాత్రలు గుప్పెళ్లతో మింగించమని కాదు, అతిగా వేసుకుంటే ఒంట్లో రాగి తగ్గుతుంది.

అపోహ: ఒంట్లో సహజంగా ఉండేదే కాబట్టి హాని లేదు.

సూది వేసినచోట కాస్త ఎర్రబడటం తప్ప పెద్ద ఇబ్బంది చాలామందికి ఉండదన్నది నిజమే. కానీ కిడ్నీ మార్పిడి చేయించుకుని ఇమ్యూనిటీని అణిచే మందులు వాడుతున్నవాళ్లకి దాన్ని రెచ్చగొట్టే మందు ఇస్తారా? కీళ్లవాతం, లూపస్ లాంటి, సొంత ఇమ్యూనిటీయే ఒంటి మీద తిరగబడే జబ్బులవాళ్లూ అంతే జాగ్రత్తగా ఉండాలి. ఇంకో సంగతి. చైనాలో 22 ఆసుపత్రుల్లో సెప్సిస్ (ఇన్‌ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినడం) వచ్చిన 1106 మంది మీద ఈ థైమోసిన్ ఆల్ఫా 1తోనే చేసిన పెద్ద ట్రయల్ 2025లో అచ్చైంది. 28 రోజుల్లో మరణాలు మందు తీసుకున్నవాళ్లలో 23.4 శాతం, ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లలో 24.1 శాతం. అంటే తేడా లేనట్టే. 60 దాటినవాళ్లకి కాస్త మేలు, ఆలోపు వాళ్లకి కాస్త కీడు అన్నట్టు లెక్కలు మొగ్గాయి. ముసలివాళ్ల విషయంలో నాకూ ఆశ పుట్టించేది ఈ ముక్కే. అయినా ఇలాంటి విడి లెక్కలు ఇంకో ట్రయల్ పెట్టడానికి పనికొస్తాయి, చీటీ రాయడానికి చాలవు.

అపోహ: ముసలి ఒంటికి టీకాలు ఎక్కవు.

ఫ్లూ టీకా వయసువాళ్లలో కొంత తక్కువ పనిచేస్తుంది, నిజం. కానీ అక్కికి వచ్చిన కొత్త టీకా 70 దాటినవాళ్లలోనూ 90 శాతం దాకా కాపాడింది. రెండు డోసులు, ఖరీదెక్కువ. ఆ పెప్టైడ్ కోర్సుకి పెట్టే డబ్బుంటే మాత్రం ముందు దీనికే పెట్టమంటాను. మా వైపు అక్కి లేస్తే ముందు ఊళ్లో ఒంటి మీద అక్కి బొమ్మ రాయించుకుని, వారం తర్వాత మంట ఓర్చుకోలేక వస్తారు. అప్పటికి వైరస్ మందు ఇవ్వాల్సిన తొలి 3 రోజులు దాటిపోతాయి.

తరచూ జ్వరం, దగ్గు అన్నవాళ్లకి నా దగ్గర మొదట జరిగేది షుగర్ పరీక్ష, రెండు వారాలు దాటిన దగ్గైతే కళ్లె పరీక్ష. షుగర్ ఉంటే క్షయ వచ్చే అవకాశం సుమారు మూడు రెట్లు. కొండల వైపు నుంచి వచ్చినవాళ్లయితే మలేరియా రక్తపరీక్ష కూడా. ఇమ్యూనిటీ పడిపోయిందని పిల్లలు తెచ్చిన కేసుల్లో అసలు జబ్బు చాలాసార్లు ఈ పరీక్షల్లోనే బయటపడుతుంది.

ఇప్పటికే ఆన్‌లైన్‌లో సీసాలు తెప్పించినవాళ్లు పెట్టె పారేయకుండా తీసుకురండి. పరిశోధనకి మాత్రమే అని ముద్ర ఉన్నా, తయారీ లైసెన్సు నంబరు లేకపోయినా నేను వేయను, కాంపౌండరుతో ఇంట్లో వేయించుకోవద్దు. సరైన కంపెనీదే అయితే ఎవరు రాశారో ఆ చీటీ, ఫ్రిజ్‌లో ఎన్నాళ్లుందో, నాన్నగారు వాడుతున్న మిగతా మందుల పట్టీ చూశాక మాట్లాడుకుందాం.