రోబో చుట్టూ నలుగురు పిల్లలు: అపోహలు - వాస్తవాలు

ప్రాథమిక తరగతుల్లో గ్రూపు పనికి బాగా పనికొచ్చేవి నేల మీద తిరిగే చిన్న రోబోలు. అందులో బీ-బాట్ చాలామందికి తెలిసిందే. తేనెటీగ ఆకారం, వీపు మీద బటన్లు: ముందుకు, వెనక్కు, ఎడమ, కుడి, కాసేపు ఆగు, గో, చెరుపు. బటన్లు వరసగా నొక్కి చివర గో నొక్కితే, గళ్ళు గీసిన నేల మీదో చార్టు మీదో అదే వరసలో కదులుతుంది. ఒక్కో అడుగు 15 సెంటీమీటర్లు, అంటే ఒక గడి; ఒక్కో మలుపు 90 డిగ్రీలు. కింది లెక్కలన్నీ దానివే.

అపోహ: రోబోను మధ్యలో పెడితే పిల్లలు వాళ్ళంతట వాళ్ళే కలిసి పనిచేస్తారు.

కలిసి పనిచేయరు. ఒకడు నొక్కుతాడు, ముగ్గురు చూస్తారు. రెండు నిమిషాల్లో "నేను నొక్కుతా" అని లాగులాట మొదలవుతుంది. దీనికి మందు, ఆలోచించే పనిని నొక్కే పని నుంచి విడదీయడం. అట్టముక్కల మీద బాణాలు గీసి గ్రూపుకు పన్నెండు కార్డులివ్వండి. ఒకరు దారి చెబుతారు, ఒకరు కార్డులు వరసగా పేరుస్తారు, మూడోవారు ఆ కార్డులు చూసి మాత్రమే నొక్కుతారు, నాలుగోవారు రోబో కదులుతుంటే కార్డు కార్డు మీద వేలు పెడుతూ సరిచూస్తారు. గో నొక్కిన ప్రతిసారీ పనులు కుడిపక్కవాళ్ళకు మారాలి. "రోజుకొకరు" అని పెడితే నొక్కే రోజు రానివాళ్ళు పనిలో మనసు పెట్టరు.

నొక్కేవాళ్ళు సొంతంగా ఏ బటనూ కలపకూడదు. ఈ ఒక్క నియమం సడలితే కార్డులు పక్కకు పోతాయి, వాటితో పాటు మాటలూ పోతాయి.

అపోహ: అనుకున్న చోటికి పోలేదంటే రోబో చెడిపోయినట్టే.

ఇక్కడ కాస్త ఆగాలి. "చెడిపోయింది టీచర్!" అని పిల్లలు అరిచే సందర్భాల్లో చాలావరకు ఈ నాలుగింటిలో ఒకటే ఉంటుంది.

మొదటిది పాత ఆదేశాలు. చెరుపు బటన్ నొక్కకుండా కొత్తవి నొక్కితే అవి పాతవాటి చివర చేరతాయి. రోబో ముందు గత గ్రూపు దారిలో వెళ్ళి, ఆ తర్వాత వీళ్ళ దారి పడుతుంది. పన్నెండు కార్డులకు తోడు "చెరుపు" అని ఎర్రసిరాతో రాసిన పదమూడో కార్డు ఇచ్చి, వరసలో ఎప్పుడూ అదే మొదట ఉండాలనండి.

రెండోది మలుపు. ఇంటి నుంచి రెండు గళ్ళు ముందుకు, ఒక గడి కుడికి బడి ఉందనుకోండి. పిల్లలు ముందుకు, ముందుకు, కుడి అని మూడు కార్డులే పెడతారు. రోబో రెండు గళ్ళు పోయి, ఉన్నచోటే కుడికి తిరిగి ఆగిపోతుంది. కుడి అంటే పక్కగడిలోకి పోవడం కాదు, ముఖం తిప్పడమే. నాలుగో కార్డుగా మళ్ళీ "ముందుకు" రావాలి. అది మీరు చెప్పకండి. రోబో చూస్తున్న వైపు బడి ఉందని వాళ్ళే చూసేదాకా ఆగండి.

మూడోది ఎవరి కుడి అన్న తగాదా. గళ్ళ చుట్టూ నాలుగువైపులా కూర్చుంటే ఎదురుగా ఉన్నవాడి కుడి రోబోకు ఎడమ. అన్నం తినే చెయ్యి కుడి అని ఒకటో తరగతికి తెలుసు, కానీ రోబో అన్నం తినదు కదా! దాని కుడిపక్క ఎర్ర స్టిక్కరు అంటించండి. మొదటి రెండు వారాలు నలుగురినీ రోబో వెనకే కూర్చోబెట్టి, తర్వాతే చుట్టూ కూర్చోనివ్వండి.

నాలుగోది మొదట పెట్టిన తీరు. 5 డిగ్రీలు వంకరగా పెడితే నాలుగు గళ్ళు పోయేసరికి 5 సెంటీమీటర్లు పక్కకు జరుగుతుంది. మొదటి గడిలో రోబో చుట్టూ గీత గీసి ఉంచితే సరి. చక్రాలకు చుట్టుకున్న వెంట్రుకలు, దారాలు కూడా పక్కకు లాగుతాయి. వారానికోసారి తీసేయండి.

ఇంకో మాట. మధ్యలో రోబోను చేత్తో తిప్పి గమ్యం వైపు పెట్టేస్తుంటారు. అలా చేస్తే తప్పు ఏ కార్డులో ఉందో తెలియకుండా పోతుంది.

అపోహ: ప్రత్యేకమైన మ్యాట్, లాప్‌టాప్, ఇంటర్నెట్ కావాలి.

ఏదీ అక్కర్లేదు. 56 × 71 సెంటీమీటర్ల మామూలు చార్టు మీద 15 సెంటీమీటర్ల గళ్ళు అడ్డంగా 4, నిలువుగా 3 పడతాయి. 60 సెంటీమీటర్ల ఫ్లోర్ టైల్ అయితే ఒక్కోవైపు సరిగ్గా నాలుగు గళ్ళు. కానీ రెండు టైల్స్ మధ్య సందు లోతుగా ఉంటే చక్రం అందులో దిగి దారి తప్పుతుంది. అక్కడ పైన చార్టు పరచండి.

ఆ గళ్ళలో అక్షరాలు రాస్తే తెలుగు పాఠమూ అవుతుంది. ప, ల, క వరసగా రాసి రోబోను ప మీద పెట్టి, ఒక్కో అక్షరం దగ్గర ఆగేలా "పలక" నడిపించమనండి. క మీద ఆగాక రోబోను కదల్చకుండా "కలప" రావాలంటే ఏం చేయాలని అడగండి. "ముందుకు" కార్డులన్నీ "వెనక్కు"గా మార్చాలని కనిపెట్టడానికి వాళ్ళు చేసే వాదనే ఆ రోజు పాఠం.

అపోహ: గ్రూపుకో రోబో లేకపోతే కుదరదు.

40 మంది, 40 నిమిషాల పీరియడ్, మూడు రోబోలు అనుకుందాం. నలుగురేసి పది గ్రూపులు. ఒక్కో గ్రూపుకు 8 నిమిషాలు, అంటే నాలుగు విడతలు, 32 నిమిషాలు. మిగతా గ్రూపులు ఆలోపు నోటుబుక్కులో దారి గీసి కార్డులు పేర్చుకుంటాయి. పన్నెండు వంతుల్లో రెండు మిగులుతాయి. అవి దారి తప్పినవాళ్ళకు. డబ్బులున్నా పది రోబోలు కొనవద్దనే మా సలహా. ఎదురుచూపు లేకపోతే కార్డులు పేర్చే ఓపిక ఉండదు.

అపోహ: మాట్లాడే రోబో వస్తే టీచరుతో పని తగ్గుతుంది.

జపాన్‌లో ఒక ప్రాథమిక పాఠశాలలో ఇంగ్లిష్ మాట్లాడే "రోబోవీ" అనే రోబోలు రెండింటిని 18 రోజులు ఉంచి పరిశీలించారు. ఆ ఫలితాలు 2004లో ప్రచురించారు. మొదటివారం పిల్లలు మూగారు, రెండోవారానికి ఆసక్తి బాగా తగ్గిపోయింది. ఆ తర్వాత కూడా రోబో దగ్గరికి వెళ్ళినవాళ్ళలోనే ఇంగ్లిష్ మెరుగుపడింది. కొత్త బొమ్మ మోజు ఎన్నాళ్ళుంటుందో ఏ అమ్మనడిగినా చెబుతుంది. పని మారుస్తూ ఉండాల్సింది టీచరే.

అపోహ: రోబో కొనేదాకా మొదలుపెట్టలేం.

వరండాలో సుద్దతో పెద్ద గళ్ళు గీసి ఒక పిల్లను రోబోగా నిలబెట్టండి. చిక్కల్లా ఒక్కటే: తప్పు కార్డు వచ్చినా ఆ పిల్ల తెలివిగా సరైన గడిలోకే వెళ్ళిపోతుంది. కళ్ళకు రుమాలు కట్టండి, గోడ దగ్గరపడితే "ఆగు" అని చెప్పే పని ఇంకొకరికి అప్పజెప్పండి.